పెద్దబండి వచ్చే దారి

తెనాలి బోసురోడ్డులో సాయంత్రం పూట నిలబడితే ఊరి జాతకం తెలిసిపోతుంది. స్కూటర్ల మీద పిల్లలు, ఆటోల్లో ఆడవాళ్లు, ధాన్యం లెక్కలు మాట్లాడుకుంటూ నడిచే రైతులు... వీళ్ల మధ్య నుంచి హారన్ కొట్టకుండా, హుందాగా, మెల్లగా వస్తుంది ఓ పెద్దబండి. ఎత్తుగా, వెడల్పుగా, తెల్లగా! జనం కాస్త పక్కకు జరుగుతారు. ఎవరి తాలూకా అని తలతిప్పి చూస్తారు. ఆ చూపు కోసమే కొంటారని గిట్టనివాళ్లు అంటారుగానీ, ఇంటిల్లిపాదీ ఒకే బండిలో కూర్చుని వెళ్లాలన్న ముచ్చట కూడా అందులో ఉంటుంది.

ఆ ముచ్చట ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తెనాలిలో ఇల్లు, రేపల్లె వైపు పొలం, బాపట్లలో ఆడపడుచు. తాతగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. కొడుకూ కోడలూ, ఇద్దరు మనవలు, సెలవులకు అమెరికా నుంచి వచ్చే మనవరాలు. అది 2022 ఆగస్టు అనుకోండి. మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్నారు. పెళ్లినాటికి వాకిట్లో పెద్దబండి ఉండాలని అందరూ తీర్మానించారు. షోరూంకి వెళ్లారు. రంగు కుదిరింది, ధర కుదిరింది. 'ఎప్పుడిస్తారు?' అని అడిగితే వచ్చిన జవాబు విని తాతగారు నవ్వేశారు.

''ఏడాదిన్నర పడుతుందా! ఏరా అబ్బాయ్, పెళ్లికి కారు కొంటున్నామా, మునిమనవడి బారసాలకా?''

ఈ కుటుంబం ఊహే. ఆ ఏడాదిన్నర మాత్రం ఊహ కాదు. ఆ రోజుల్లో దేశంలో వేల ఇళ్లల్లో ఇదే మాట వినిపించింది.

కొత్త కాదు ఈ క్యూ
డెల్టావాళ్లకు ఎదురుచూడటం కొత్తేమీ కాదు. కాలువకు నీళ్లు ఎప్పుడొదులుతారా అని చూస్తారు. నారు ఎదగాలని చూస్తారు. పంట చేతికి రావాలని, వచ్చాక ధర పలకాలని చూస్తారు. వాహనాల విషయంలోనూ అంతే. చేతక్ స్కూటర్‌కి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఆగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. కొడుకు కాలేజీలో చేరినప్పుడు బుక్ చేస్తే, ఉద్యోగంలో చేరేటప్పటికి వచ్చేదని హాస్యమాడేవారు. 1983లో మారుతీ 800 కోసం పదివేల రూపాయలు ముందుగా కట్టి లక్షమందికి పైగా వరసలో నిలబడ్డారు. ఎవరికి ముందివ్వాలో తేల్చడానికి లాటరీ తీయాల్సి వచ్చింది.

1991 తర్వాత ఆ రోజులు పోయాయనుకున్నాం. డబ్బుంటే చాలు, సాయంత్రానికి కారు ఇంట్లో ఉంటుందనుకున్నాం. ముప్ఫై ఏళ్లు గడిచాయో లేదో, గోటి మీద పట్టేంత సిలికాన్ ముక్క మళ్లీ అందర్నీ క్యూలో నిలబెట్టింది.

జరిగిందేమిటంటే... 2020లో కరోనా వచ్చి కార్ల అమ్మకాలు ఆగిపోయాయి. కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తగ్గించుకున్నాయి. అదే సమయంలో ఇంట్లోంచే చదువులు, ఇంట్లోంచే ఉద్యోగాలు. ల్యాప్‌టాప్‌లకు గిరాకీ పెరిగి చిప్‌లన్నీ అటు పోయాయి. కార్లవాళ్లు తేరుకుని మళ్లీ అడిగేసరికి 'వెనక నిలబడండి' అన్నారు చిప్‌లవాళ్లు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచుతుపాను, మార్చిలో జపాన్‌లో రెనెసాస్ కర్మాగారంలో అగ్నిప్రమాదం, ఆ తర్వాత మలేషియాలో లాక్‌డౌన్. దెబ్బ మీద దెబ్బ! ఆ సెప్టెంబరులో మారుతీ తన మామూలు ఉత్పత్తిలో నలభై శాతమే చేయగలనని ప్రకటించింది. మహీంద్రా ఏడు రోజులపాటు ఉత్పత్తి ఆపుతున్నట్టు చెప్పింది.

వింతేమిటంటే, కార్లు దొరకని ఆ రోజుల్లోనే ఎస్‌యూవీల మోజు ఆకాశాన్నంటింది. 2021 అక్టోబరు 7న ఎక్స్‌యూవీ 700 బుకింగులు తెరిస్తే 57 నిమిషాల్లో 25 వేలు నిండిపోయాయి. 2022 జులై 30న స్కార్పియో-ఎన్‌కి అరగంటలో లక్ష! ఆ ఏడాది నవంబరు నాటికి మహీంద్రా ఇవ్వాల్సిన బండ్లు 2.6 లక్షలు. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కారెన్స్‌కీ నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. ఊరి పక్కన చెరువున్నా బిందె నిండలేదన్నమాట!

ముందు దారి... తర్వాత బండి
ఆగక తప్పనప్పుడు ఆ సమయాన్ని వాడుకోవడమే తెలివి. షోరూంలో ఇచ్చే టెస్ట్ డ్రైవ్ పావుగంట. ఊరి బయట మంచి రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి తీసుకొచ్చేస్తారు. అంత చిన్న పరీక్షతో పాతిక లక్షల నిర్ణయం తీసుకోవడం కన్నా, తెలిసినవాళ్లనో అద్దెకిచ్చేవాళ్లనో అడిగి అలాంటి బండే ఒకటి సంపాదించి, రోజంతా మనం తిరిగే దారుల్లోనే తిరిగి చూడటం మేలు. తెనాలి, రేపల్లె, బాపట్ల, మళ్లీ తెనాలి... అటూఇటూగా నూట ఇరవై కిలోమీటర్లు. ఈ ముక్కోణంలో లేని పరీక్ష లేదు.

మొదటి పరీక్ష తెనాలిలోనే. మూడు కాలువలు ఊరి మధ్యలోంచి పారుతుంటే 'ఆంధ్రా ప్యారిస్' అని మురిపెంగా పిలుచుకున్నారు పెద్దలు. కాలువలు, వాటి మీద వంతెనలు, పక్కన ఇరుకు రోడ్లు. పాత పేటల్లో వీధులు ఎడ్లబండికి, రిక్షాకి సరిపోయేలా వేసినవి. ఇప్పుడు అంకెలు చూడండి. ఫార్చ్యూనర్ పొడవు 4,795 మిల్లీమీటర్లు, వెడల్పు 1,855. ఎక్స్‌యూవీ 700 వెడల్పు 1,890. స్కార్పియో-ఎన్ అయితే 1,917. ఇవి పక్క అద్దాలు కలపని కొలతలు. అద్దాలు తెరిస్తే రెండు మీటర్లు దాటిపోతుంది.

అందుకే బుకింగ్ రసీదు కన్నా ముందు చేతిలో ఉండాల్సింది కొలిచే టేపు. ఇంటి గేటు ఎంత? వీధి మలుపు ఎంత? బండి లోపల పెట్టాక తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా? కారు వచ్చాక గేటు పగలగొట్టించి గోడ కట్టించిన ఇళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటాయి. ఆ ఖర్చు ఏ షోరూం కొటేషన్‌లోనూ ఉండదు.

ఇంకో పరీక్ష తాతగారిది. నేల నుంచి మొదటి మెట్టు ఎంత ఎత్తులో ఉందో మోకాళ్ల నొప్పులున్నవాళ్లకే తెలుస్తుంది. కొనేది నడిపేవాళ్లకు నచ్చిందని. ఎక్కాల్సింది మాత్రం అమ్మమ్మలూ తాతయ్యలూ. వాళ్లను రెండుసార్లు ఎక్కించి, దింపి చూశాకే రంగు గురించి మాట్లాడుకోవాలి.

నీటికి ఎదురెళ్లొద్దు
తెనాలి దాటితే పచ్చదనం మొదలు. వేమూరు మీదుగా భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో ఇక్కడి బౌద్ధస్తూపంలో ధాతువులున్న భరిణెలు దొరికాయి. వాటి మీదున్న అక్షరాలు తెలుగు లిపి పుట్టుకను వెతికేవాళ్లకు తొలిమెట్టు. దారి పక్కన తెనాలి-రేపల్లె రైలు కట్ట. వర్షాకాలంలో అయితే రోడ్డుకు రెండువైపులా నీళ్లే. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే పెద్దబండి అంచు దిగాల్సిందే. ఎంత ఖరీదైన బండయినా గడ్డి ట్రాక్టరుకు దారివ్వక తప్పదు.

రేపల్లె చేరితే కృష్ణమ్మ దగ్గరవుతుంది. పెనుమూడి-పులిగడ్డ వారధి ఎక్కితే అవతల దివిసీమ, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి. ఇక్కడివాళ్లు పెద్దబండి ఎందుకు కోరుకుంటారో ఈ ఏటిగట్టు మీద నిలబడితే అర్థమవుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమనే కాదు, ఈ తీరాన్నీ కుదిపేసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డుస్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చినప్పుడు లంక గ్రామాలు మునిగాయి. అలాంటి రాత్రి ఇంట్లోవాళ్లను ఎత్తయిన చోటికి చేర్చడానికి ఎత్తయిన బండి ఉండాలనిపించడం సహజం.

అయితే ఓ మాట. ఎత్తుగా ఉంది కదా అని బండి పడవైపోదు. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు ఇంజిన్‌లోకి వెళితే పిస్టన్లు బిగుసుకుపోతాయి. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే మరమ్మతు లక్షల్లోకి పోతుంది. మామూలు సమగ్ర బీమాలో ఆ నష్టానికి చాలాసార్లు పరిహారం రాదు. ఇంజిన్ రక్షణ కోసం విడిగా కవర్ తీసుకోవాలి. పారే నీటిలో అయితే అసలు దిగనే కూడదు. రెండు టన్నుల బండిని కూడా ప్రవాహం పక్కకు నెట్టేస్తుంది. ఈ తీరంలో ఉండేవాళ్లు అలంకారాలకు పెట్టే ఖర్చులో కొంత ఈ బీమాకు పెడితే నిశ్చింతగా ఉంటారు.

నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్‌వీల్ డ్రైవ్ కావాలా అన్నది మరో ప్రశ్న. పొలం గట్ల దాకా రోజూ వెళ్లేవాళ్లకు ఉపయోగమే. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లకు లక్షల ఖర్చు, అదనపు బరువు. తడిసిన ఒండ్రు మట్టిలో బండి దిగబడితే చివరికి లాగేది పక్క పొలంలోని ట్రాక్టరే!

మూడో వరసలో ఎవరు?
రేపల్లె నుంచి బాపట్లకు 216వ నంబరు జాతీయ రహదారి. ఇక్కడ కాస్త వేగం అందుకోవచ్చు. డీజిల్ బండికి ఇలాంటి పరుగు అవసరం కూడా. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. ఇల్లు, బజారు, బడి... ఇలా రెండేసి కిలోమీటర్లే తిరిగితే అది మసితో మూసుకుపోతుంది. అప్పుడప్పుడూ వేడెక్కేలా దూరం వెళితేనే ఆ మసి కాలి శుభ్రపడుతుంది. కాబట్టి తెనాలి దాటనివాళ్లకు పెట్రోలో, హైబ్రిడ్డో నయం. నెలకు నాలుగుసార్లు హైదరాబాదు వెళ్లొచ్చేవాళ్లకు డీజిలు.

కర్లపాలెం దాటి బాపట్ల. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల, చోళుల కాలం నాటి భావనారాయణస్వామి గుడి, అక్కణ్నుంచి తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక సముద్రం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. రేపల్లె ఆ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లాలు వేరయినా చుట్టరికాలు వేరవుతాయా! ఆదివారం వస్తే మూడు ఊళ్లవాళ్లూ కలిసేది సూర్యలంక ఇసుకలోనే.

మూడో వరస సీటు సంగతి తేలేది ఇక్కడే. తెనాలిలో ఎక్కిన కుర్రాళ్లు బాపట్లలో దిగేసరికి ఎలా ఉన్నారు? మోకాళ్లు గడ్డానికి తగిలాయా? వెనక ఏసీ గాలి అందిందా? ఏడుగురూ కూర్చున్నాక రెండు పెట్టెలు పెట్టడానికి చోటుందా? చాలా పెద్దబండ్లలో ఏడు సీట్లూ నిండితే వెనక సామానుకు మిగిలేది చిన్న సందే. అమెరికా నుంచి వచ్చే మనవరాలి రెండు పెద్ద సూట్‌కేసులు అందులో పట్టవు. అలాంటి ఇంటికి పొడవైన ఎంపీవీ నయమేమో చూసుకోవాలి. అలాగని ఎంపీవీలు వెంటనే దొరికాయా అంటే, అదీ లేదు. 2023 ఏప్రిల్‌లో ఇన్నోవా హైక్రాస్ ఖరీదైన రకాలకు సరఫరా చాలక టొయోటా బుకింగులే ఆపేసింది.

ఇంకో సంగతి. సూర్యలంకలో బండిని ఇసుకలోకి దింపి ఫొటో దిగాలని కుర్రకారుకు ఉబలాటం. మెత్తని ఇసుకలో బరువైన బండి చక్రం తిరిగేకొద్దీ కిందికి దిగబడుతుంది. ఉప్పునీరు ఇనుముకు శత్రువు. బండి రోడ్డు మీద, మనుషులు ఇసుకలో... అదే అందం.

రసీదులో ఉన్నది, లేనిది
బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా వెనక్కి. ఆంజనేయస్వామికి ఓ దండం పెట్టుకుని, కాస్త టీ తాగి లెక్కలు చూసుకోవచ్చు.

ఆ రోజుల్లో ఎక్స్‌యూవీ 700కైనా, స్కార్పియో-ఎన్‌కైనా బుకింగ్ 21 వేలు. చూడటానికి చిన్న మొత్తం. అసలు మెలిక ఆగే కాలంలో ఉంది. ప్రారంభ ధర మొదట బుక్ చేసిన కొన్ని వేల మందికే. మిగతావాళ్లకు బండి చేతికొచ్చేనాటి ధర. రసీదు మీద ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవాలి. రద్దు చేస్తే మొత్తం వెనక్కిస్తారా, ఎన్నాళ్లకిస్తారు, రకం మార్చుకుంటే వరసలో చోటు పోతుందా... ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద తీసుకోవాలి. 'నేను చూసుకుంటాలెండి సార్' అన్న మాట, ఆ చెప్పిన కుర్రాడు ఉద్యోగం మారితే అతనితోనే పోతుంది. అలంకారాలు కొంటేనే బండి త్వరగా ఇస్తామంటే, అది ధర పెంచడమేనని గుర్తించాలి.

అప్పు తీసుకునేవాళ్లకు ఇంకో దెబ్బ. 2022 మే మొదట్లో నాలుగు శాతమున్న రెపో రేటును రిజర్వు బ్యాంకు 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నర చేసింది. ఏడేళ్లకు తీసుకునే 15 లక్షల అప్పు మీద వడ్డీ ఏడున్నర నుంచి తొమ్మిదిన్నరకు పెరిగితే నెలవాయిదా సుమారు 1,500 పెరుగుతుంది. ఏడేళ్లలో లక్షా పాతిక వేలు. బుక్ చేసిన రోజు వేసిన లెక్క బండి వచ్చేరోజుకు పనికిరాదన్నమాట.

కంపెనీ మీదా ఓ కన్నేయాలి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పెద్దబండ్లలో ఎందరో ఇష్టపడ్డ ఎండీవర్ దాంతో ఆగిపోయింది. రోజులు, నెలలు ఆగాలనుకున్నప్పుడు ఆ బండి అప్పటికి ఉంటుందా, దగ్గర్లో సర్వీసు ఉంటుందా అన్నదీ ఆలోచించాలి.

ఓపిక పట్టినవాళ్లంతా లాభపడ్డారా? చిత్రంగా, మరీ ఎక్కువ ఓపిక పట్టినవాళ్లు లాభపడ్డారు! చిప్‌ల కరువు తీరాక కథ తిరగబడింది. 2024లో డీలర్ల దగ్గర కార్లు కుప్పలు పడ్డాయి. ఆ జులైలో ఎక్స్‌యూవీ 700 ఏఎక్స్7 రకాల ధరను మహీంద్రా కొన్నాళ్లపాటు రెండు లక్షల దాకా తగ్గించింది. ఏడాదిన్నర పడిగాపులు కాసి కొన్నవాళ్ల కన్నా, ఆ రోజు షోరూంలోకి నడిచి వెళ్లినవాళ్లకే చవగ్గా దొరికింది. పన్నుల సంగతీ అంతే. నాలుగు మీటర్లు దాటిన పొడవు, 1500 సీసీ దాటిన ఇంజిన్, 170 మిల్లీమీటర్లు, ఆపై ఎత్తులో అడుగు... ఈ మూడూ ఉన్న బండికి జీఎస్టీ, సెస్సు కలిపి యాభై శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది నలభై అయింది.

అలాగని కొరత మళ్లీ రాదని కాదు. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెడితే కార్ల కంపెనీలు మరోసారి ఉలిక్కిపడ్డాయి. ఎక్కడో గని మూస్తే తెనాలిలో కారు ఆగే కాలమిది.

బండి ఆగుతుంది... కాలం ఆగదు
సాయంత్రానికి మళ్లీ తెనాలి. మన ఊహల కుటుంబం వరండాలో కూర్చుంది. చేతిలో టేపు కొలతలు, రసీదు, వడ్డీ లెక్క. కొడుకు దిగులుగా ఉన్నాడు.

''నాన్నా, పెళ్లికి బండి రాదు. పెళ్లి వాయిదా వేయలేం. ఏం చేద్దామంటారు?''

''చేసేదేముంది! పెళ్లికి రెండు ట్రావెల్స్ బండ్లు మాట్లాడు. బుకింగ్ డబ్బు వెనక్కొచ్చేదైతే వరసలో ఉండనీ. పాతకారు మాత్రం అమ్మకు. కొత్తది వాకిట్లోకి వచ్చాకే దీన్ని పంపు. అన్నట్టు, నన్ను వచ్చే ఆదివారం సూర్యలంక తీసుకెళ్లు.''

''కొత్త బండిలో వెళ్దామనుకున్నాం కదా నాన్నా, అందరం కలిసి...''

''అది వచ్చేదాకా సముద్రం ఉంటుందిరా. నేనుండొద్దూ!''

నవ్వుతూ అన్నా అందులో నిజముంది. చాలా ఇళ్లల్లో బండి ఆలస్యమవడం కన్నా పెద్ద నష్టం, బండి వచ్చాక వెళ్దామని ప్రయాణాలు ఆపుకోవడం. మోపిదేవి మొక్కు, బాపట్ల ఆడపడుచు ఇంట్లో భోజనం, పొలం గట్టు మీద తాతగారి పక్కన ఓ గంట... వీటికి ఏ కంపెనీ డెలివరీ తేదీ ఇవ్వదు.

బండి కోసం ఎదురుచూడొచ్చు. టేపు పట్టి, దారి తిరిగి, రసీదు చదివి, వడ్డీ లెక్కేసి చూసుకుంటే ఆ ఎదురుచూపు వృథా పోదు. ఈలోగా ఆదివారం వస్తుంది. పాతకారులో నలుగురు, వెనక బస్సులో ముగ్గురు. అయితేనేం! తెనాలి నుంచి సూర్యలంకకు దారి తెరిచే ఉంది.